ఊరికే పోయే పొగతో పని చేయించినవాడు

గాజువాక దాటి కూర్మన్నపాలెం వైపు వెళ్తుంటే బస్సు కిటికీలోంచి స్టీల్‌ప్లాంట్ చిమ్నీలు కనిపిస్తాయి. ఉక్కునగరంలో పుట్టి పెరిగినవాళ్లయితే వాటివైపు తలెత్తి కూడా చూడరు. లోపల గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లు ఉన్నాయి. ఖనిజం కరిగి ఇనుము దిగాలంటే కోక్ ఒక్కటే చాలదు, గాలి కావాలి. అదీ మామూలు గాలి కాదు, ఒత్తిడి పెట్టి తోసిన గాలి. ఆ పని చేసేవి పవర్ ప్లాంటులోని టర్బో బ్లోయర్లు. మొదట్లో పెట్టినవే ఒక్కొక్కటీ నిమిషానికి 6 వేల ఘనపు మీటర్లకు పైగా గాలి తోయగలవు.

ఇలాంటి బ్లోయర్లు తయారు చేసే ఉద్యోగంలో ఒకాయన పదేళ్లకు పైగా గడిపాడు. ఆయన చదివింది అందుకోసం కాదు. పీహెచ్‌డీ చేసింది గ్యాస్ టర్బైన్ మీద. అది పని చేయలేదు. కంపెనీ ఆ ప్రాజెక్టు మూసేసి, ఆయన్ని ఫ్యాక్టరీలకు గాలి తోసే యంత్రాల విభాగంలో పెట్టింది. అక్కడ నేర్చుకున్నదే తర్వాత విమానాలను 30 వేల అడుగులు దాటించింది. ఆయన పేరు శాన్‌ఫోర్డ్ మాస్. అమెరికన్. 1872లో పుట్టి 1946లో పోయాడు. ఇవాళ మీరు కారు మీద ‘టర్బో’ అనే అక్షరాలు చూస్తున్నారంటే, దాని వెనుక ఉన్న నలుగురైదుగురు మనుషుల్లో ఈయనొకడు.

మీలో చాలామందికి ఇప్పుడున్న దిగులు తెలిసిందే. చదివింది ఒకటి, ఆఫర్ వచ్చింది మరొకటి. మెకానికల్ పట్టా చేతిలో ఉంటుంది, ఫోన్లో వచ్చే కాల్ మాత్రం కోడింగ్ ట్రైనింగ్ గురించి. గేట్ రాయాలా, అప్రెంటిస్‌గా చేరిపోవాలా, నోటిఫికేషన్ పడేదాకా ఆగాలా అని తెల్లవార్లూ లెక్కలు. మాస్ కథ చదివితే ఆ లెక్క తేలిపోతుందని చెప్పలేం. కానీ ఇలాంటి లెక్క వేసుకున్న మనిషి ఏం చేశాడో తెలుసుకోవడంలో నష్టం లేదు కదా.

షాపు నుంచి కాలేజీకి

మాస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. 16 ఏళ్లకే కంప్రెస్డ్ ఎయిర్ యంత్రాలు తయారు చేసే మెషిన్ షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. మన ఆటోనగర్‌లో లేత్ దగ్గర నిలబడే కుర్రాడిని ఊహించుకోండి, అలా అన్నమాట. గాలిని నొక్కితే వేడెక్కుతుందని పుస్తకంలో చదవకముందే గొట్టం మీద చెయ్యి పెట్టి తెలుసుకునే చోటు అది. గాలి నొక్కడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో, అందులో ఎంత వృథాగా పోతుందో ఆ షాపులో వాళ్లకు బాగా తెలుసు.

అప్రెంటిస్ పని తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరాడు. 1896లో డిగ్రీ, 1900లో మాస్టర్స్. అక్కడి నుంచి దేశం ఆ చివరన ఉన్న కార్నెల్ యూనివర్సిటీకి వెళ్లాడు. మనసులో ఒకే ఆలోచన: గాలిని నొక్కి, అందులో ఇంధనం మండించి, ఆ వేడి వాయువును నేరుగా టర్బైన్ చక్రం మీదికి వదిలితే ఎలా ఉంటుంది? బాయిలర్ అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు, పిస్టన్ అక్కర్లేదు. ఇవాళ మన విమానాశ్రయంలో దిగే ప్రతి జెట్ విమానంలోనూ ఉన్నది ఈ ఆలోచనే. అప్పటికి మాత్రం రైట్ సోదరులు ఇంకా ఎగరనే లేదు.

కార్నెల్‌లో ఆయన నిజంగానే ఒక గ్యాస్ టర్బైన్ కట్టి నడిపాడు. ఆవిరి కోసం చేసిన టర్బైన్ చక్రం మీదికి మండిన వాయువును వదిలాడు. చక్రం తిరిగింది. కానీ గాలి నొక్కే కంప్రెసర్‌కు వేరేగా శక్తి ఇవ్వాల్సి వచ్చింది. ఆ కంప్రెసర్ మింగే శక్తి టర్బైన్ ఇచ్చే శక్తి కంటే ఎక్కువ! రూపాయి సంపాదించడానికి రెండు రూపాయలు ఖర్చు పెట్టినట్టు. అయినా ఆ పరిశోధనకే 1903లో డాక్టరేట్ వచ్చింది. గమనించండి, పని చేయని యంత్రం మీద డాక్టరేట్. ఎందుకు పని చేయలేదో అంకెలతో సహా చూపించాడు కాబట్టి. ప్రాజెక్టు రిజల్ట్ రాలేదని చివరి వారంలో రీడింగులు మార్చేసేవాళ్లు మన కాలేజీల్లో లేకపోలేదు. వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవొచ్చు.

ఆ థీసిస్ చూసి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆయన్ని మసాచుసెట్స్‌లోని లిన్ ఫ్యాక్టరీలో ఉద్యోగంలోకి తీసుకుంది. గ్యాస్ టర్బైన్ మీదే మళ్లీ ప్రయత్నం. కొన్నేళ్లు నడిచాక కంపెనీకి విషయం అర్థమైంది: ఇంధనం బోలెడు తాగుతుంది, ఇచ్చేది కొంచెం. ఆ వేడిని తట్టుకునే లోహమూ లేదు, సరైన కంప్రెసర్ కూడా లేదు. ప్రాజెక్టు ఆపేశారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. టర్బైన్ పోయింది గానీ, దాని కోసం కష్టపడి మెరుగుపరిచిన సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ మిగిలింది. రెక్కలున్న చక్రం వేగంగా తిరుగుతూ గాలిని మధ్యలోంచి లాగి అంచులకు విసురుతుంది. అంతే. దీన్ని అమ్ముకోవచ్చని కంపెనీకి తోచింది. ఎవరికి? ఫౌండ్రీలకు, గ్యాస్ వర్క్స్‌కు, బ్లాస్ట్ ఫర్నేస్‌లకు. అప్పటిదాకా ఫర్నేస్‌లకు గాలి తోసేవి ఇల్లంత ఎత్తున్న పిస్టన్ ఇంజన్లు. వాటి చోట చిన్నదైన, సాఫీగా నడిచే టర్బో బ్లోయర్ వచ్చింది. మాస్ ఆ పనిలో పడ్డాడు. పేపర్లలో పేరు పడే పని కాదు. ఫర్నేస్ మేనేజర్లకు గాలి సరిపోయిందా లేదా అన్నదే ఆయన రోజువారీ తలనొప్పి.

4,300 మీటర్ల ఎత్తున లారీ మీద ఇంజన్

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. విమానాలకు ఒక జబ్బు ఉంది. పైకి వెళ్లేకొద్దీ ఇంజన్ నీరసపడిపోతుంది. కారణం సులువు. ఇంజన్ శక్తి అది పీల్చే గాలి బరువును బట్టి ఉంటుంది. 18 వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో సగం. సగం గాలితో సగం ఇంధనమే మండుతుంది. అరకు ఎక్కుతున్నప్పుడు పాత డీజిల్ జీపు మూలుగుతుంది చూశారా, అక్కడి ఎత్తు మూడు వేల అడుగుల పైమాటే. పదింతల ఎత్తులో సంగతి ఊహించుకోండి.

అమెరికా ప్రభుత్వం వేసిన వైమానిక సలహా సంఘానికి అప్పటి అధ్యక్షుడు విలియం డ్యురాండ్. ఆయన ఒకప్పుడు కార్నెల్ ప్రొఫెసర్. గ్యాస్ టర్బైన్ అంటూ మసి పూసుకుని తిరిగిన విద్యార్థి ఆయనకు గుర్తున్నాడు. జనరల్ ఎలక్ట్రిక్‌కు కబురు పెట్టాడు. అలా ఫర్నేస్ బ్లోయర్ల ఇంజనీరు విమానాల్లోకి వచ్చాడు. రెఫరెన్స్ అంటే రెజ్యూమెలో చివరి లైను మాత్రమే అనుకోకండి. పదిహేనేళ్ల తర్వాత కూడా ఒక మేస్టారికి గుర్తుండిపోవడం, దానికి అసలైన అర్థం.

ఆలోచన కొత్తది కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంజన్ వదిలే పొగలో ఇంకా బోలెడు శక్తి ఉంటుంది. ఆ పొగను టర్బైన్ మీదికి మళ్లిస్తే అది తిరుగుతుంది. అదే ఇరుసుకు ఇంకో చివర కంప్రెసర్ పెడితే అది గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. ఊరికే గాల్లో కలిసిపోయే పొగతో వెట్టిచాకిరీ చేయించుకోవడం! మన ఔటర్ హార్బర్‌లో ఆగే ఓడల పెద్ద డీజిల్ ఇంజన్లకూ, వాల్తేరు డీజిల్ షెడ్‌లోని లోకోలకూ ఊపిరి పోసింది ఇదే. ఫ్రాన్స్‌లో అగస్ట్ రాటో దీన్ని విమాన ఇంజన్లకు పెట్టి చూస్తున్నాడు. మాస్ చేతికి వచ్చిన పని దాన్ని అమెరికన్ లిబర్టీ ఇంజన్‌కు అతికించి, పగిలిపోకుండా నడిపించడం.

మాస్ దృష్టి అంతా వేడి మీదే. పొగ తగిలే చక్రం ఎర్రగా కాలిపోతుంది, పైగా నిమిషానికి 20 వేల చుట్ల స్థాయిలో తిరగాలి. గ్యాస్ టర్బైన్ దెబ్బతిన్నదే ఇక్కడ. ఆయన చేసిన ఏర్పాటు సూటిగా ఉంటుంది. చక్రాన్ని ఇంజన్ లోపల దాచకుండా, విమానం చుట్టూ దూసుకుపోయే చల్లని గాలికి ఒకవైపు తెరిచి ఉంచాడు. అంత ఎత్తులో గడ్డకట్టించే చలి ఉంటుంది కదా, దాన్నే వాడుకున్నాడు.

మరి పరీక్షించేదెలా? నేల మీద పల్చని గాలి దొరకదు. ఎగురుతున్న విమానంలో కొలతలు తీయడం అప్పట్లో ప్రాణాలతో చెలగాటం. అందుకని కొలరాడోలోని పైక్స్ పీక్ అనే కొండ ఎంచుకున్నారు. ఎత్తు 14,109 అడుగులు. కొన్నేళ్ల కిందటే దాని మీదికి కార్లు వెళ్లే రోడ్డు పడింది. 1918 సెప్టెంబర్‌లో 12 సిలిండర్ల లిబర్టీ ఇంజన్‌ను లారీ మీద బిగించి, శక్తి కొలిచే సరంజామాతో సహా పైకి తోలుకెళ్లారు. చలి, మంచు, ఊపిరాడని గాలి. అక్కడ ఉండి రోజుల తరబడి రీడింగులు తీశారు.

ఫలితం మూడు అంకెల్లో ఉంది. నేల మీద ఆ ఇంజన్ శక్తి 350 హార్స్‌పవర్. కొండ మీద టర్బో లేకుండా 230. టర్బో పెట్టాక 356. కొండెక్కిన ఇంజన్‌కు తను కింద లేనన్న సంగతే తెలియలేదు. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి చెప్పమన్నప్పుడు తడబడేవాళ్లు ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోవచ్చు. ఏ సమస్య, ఎంత నష్టం, ఎంత తిరిగొచ్చింది, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

నవంబర్‌లో యుద్ధం ముగిసింది. టర్బో యుద్ధానికి అందలేదు. మామూలుగా అయితే ఫైలు మూతపడాలి. సైన్యం మాత్రం పరిశోధన కొనసాగించింది. 1920 ఫిబ్రవరి 27న మేజర్ రుడాల్ఫ్ ష్రోడర్ టర్బో బిగించిన లెపేర్ విమానంలో 33 వేల అడుగులు దాటాడు. పైలట్ కూర్చునే చోటుకు పైకప్పు లేని విమానం అది. బయట చలి సున్నాకు 50 డిగ్రీల దిగువన. ఆక్సిజన్ అందక, కళ్లద్దాలు పైకెత్తేసరికి కళ్లు గడ్డకట్టి, స్పృహ తప్పాడు. విమానం మైళ్లకు మైళ్లు కిందికి పడిపోయింది. నేల దగ్గరపడుతుండగా తెలివొచ్చి, సరిగా కనపడకపోయినా దించేశాడు. మరుసటి ఏడాది జాన్ మెక్రెడీ అదే రకం విమానంలో 34,508 అడుగులకు వెళ్లాడు. ఇంజన్ ఎక్కగలిగినంత ఎత్తుకు మనిషి శరీరం ఎక్కలేదని ఆ రోజుల్లోనే తేలిపోయింది.

నొక్కడం సులువు, ఆపడం కష్టం

ఇక అసలు ఇంజనీరింగ్ దగ్గరికి వద్దాం. కొంచెం ఓపికగా చదవండి. ఈ ఒక్క విషయం అర్థమైతే కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టు సగం వచ్చినట్టే.

టర్బోతో ఒక చిక్కుంది. పొగ ఎక్కువైతే టర్బైన్ వేగం పెరుగుతుంది, అది ఎక్కువ గాలి తోస్తుంది, ఎక్కువ గాలితో ఎక్కువ పొగ వస్తుంది. తన తోకను తనే తరుముకునే వ్యవహారం. ఎక్కడో ఒకచోట ఆపకపోతే ఇంజన్‌లో ఒత్తిడి హద్దు దాటి, ఇంధనం మండాల్సిన టైముకంటే ముందే పేలుతుంది. దాన్నే డెటొనేషన్ అంటారు. పిస్టన్లు చిల్లులు పడతాయి. అందుకని టర్బైన్‌కు ముందు గొట్టంలో ఒక తలుపు పెట్టారు. పేరు వేస్ట్‌గేట్. అది తెరిస్తే పొగ టర్బైన్‌ను తప్పించుకుని బయటికి పోతుంది. మూస్తే మొత్తం టర్బైన్ మీద పడుతుంది. ఈ తలుపు ఎంత తెరవాలన్నదే బూస్ట్ కంట్రోల్.

మన ఫర్నేస్‌లలోనూ ఇదే సూత్రం ఉంది, చాలామంది గమనించరు. గోదావరి, కృష్ణల పైనుంచి వచ్చే గ్యాస్‌లో ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిని టర్బైన్ గుండా పంపి కరెంటు తీస్తారు. ఒక్కోటి 12 మెగావాట్లు. దాని పక్కనే సెప్టం వాల్వ్ అని ఉంటుంది. టర్బైన్ ఆగిపోతే గ్యాస్ ఆ వాల్వ్ గుండా దారి మళ్లుతుంది, ఫర్నేస్ ఒత్తిడి మాత్రం చెదరదు. స్టీల్‌ప్లాంట్‌లో ఇండస్ట్రియల్ విజిట్ దొరికితే క్యాంటీన్ ఫొటోల మీద కాకుండా దాని మీద ఓ ప్రశ్న అడిగి రండి.

మొదట్లో విమానాల్లో వేస్ట్‌గేట్ లివర్ పైలట్ చేతిలోనే ఉండేది. పైకి వెళ్లేకొద్దీ కొంచెం కొంచెం మూయాలి, దిగేటప్పుడు తెరవాలి. మర్చిపోతే ఇంజన్ పోతుంది. ఒక ఎత్తుకు వచ్చేసరికి తలుపు పూర్తిగా మూసుకుంటుంది. ఆపైన టర్బో కూడా ఇక చేసేదేమీ ఉండదు. దాన్నే క్రిటికల్ ఆల్టిట్యూడ్ అంటారు. ఆ తర్వాత నూనె ఒత్తిడితో నడిచే రెగ్యులేటర్లు వచ్చాయి. ఎత్తులో చలికి ఆ నూనె చిక్కబడి, తలుపు చెప్పినట్టు వినేది కాదు. నాలుగు ఇంజన్ల బాంబర్‌లో నాలుగు టర్బోలను నాలుగు రకాలుగా బతిమాలుకుంటూ పోయే పైలట్‌ను తలచుకోండి. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వచ్చాక బీ-17 పైలట్‌కు ఒక్క నాబ్ సరిపోయింది. అది తిప్పితే నాలుగు ఇంజన్లూ వింటాయి.

ఈ సమస్య ఇప్పటికీ తీరిపోలేదు. అమెరికాలో షెడ్డులో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్స్‌పెరిమెంటల్ కేటగిరీ కింద వాళ్లకు అనుమతి ఉంది. వాళ్లలో కొందరు మజ్దా ఆర్‌ఎక్స్-7 కారులోని 13బి రోటరీ ఇంజన్ తెచ్చి బిగిస్తారు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన అది. పిస్టన్లు ఉండవు, వాల్వులు ఉండవు. మూడు మూలల రోటర్లు రెండు, వాటిని మోసే షాఫ్ట్ ఒకటి. మొత్తం 1,308 సీసీ. చిన్నది, తేలిక, కదిలే భాగాలు తక్కువ. ఇక్కడో చిన్న మాట. మాస్ కాలంలో రోటరీ అంటే వేరు. సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిరా తిరిగే ఇంజన్‌ను అలా పిలిచేవారు. తిరిగే సిలిండర్ల నుంచి పొగ పట్టి టర్బైన్‌కు పంపడం దాదాపు అసాధ్యం. పేరు ఒకటే, యంత్రాలు వేరు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు కలగాపులగం చేసుకోకండి.

వాంకెల్ రోటరీ పొగ మామూలు ఇంజన్ పొగ కంటే వేడిగా ఉంటుంది. పైగా పోర్టు ఒక్కసారిగా తెరుచుకోవడంతో కొట్టినట్టు వస్తుంది. టర్బైన్‌కు పండగే. కంట్రోల్ చేసేవాడికే కష్టం. వేస్ట్‌గేట్ చిన్నదైతే పూర్తిగా తెరిచినా పొగ అంతా బయటపడదు, బూస్ట్ దానంతటదే పాకుతూ పెరుగుతుంది. అది హద్దు దాటి డెటొనేషన్ వస్తే ముందు దెబ్బతినేవి రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీల్స్. కారులో అయితే పక్కకు ఆపుకోవచ్చు. గాల్లో పక్క అనేది ఉండదు.

ఇంకో ఉచ్చు ఉంది, అది లెక్కలోనిది. కారు టర్బోకు ఉండే వేస్ట్‌గేట్ స్ప్రింగ్‌తో నడుస్తుంది. ఆ స్ప్రింగ్ బయటి గాలితో పోల్చి ఒత్తిడి చూస్తుంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల దగ్గర తెరుచుకునేలా పెట్టారనుకోండి. సముద్ర మట్టంలో బయట 14.7 ఉంటుంది కాబట్టి ఇంజన్‌కు అందేది 21.7. అదే 18 వేల అడుగుల ఎత్తులో బయట ఉన్నది 7.3 మాత్రమే, కాబట్టి అందేది 14.3. స్ప్రింగ్ దృష్టిలో రెండు చోట్లా బూస్ట్ 7. ఇంజన్ దృష్టిలో మూడో వంతు పోయింది. అందుకే విమానానికి బయటి గాలితో పోల్చే స్ప్రింగ్ కాకుండా, లోపల గాలి తీసేసిన డబ్బీ పెడతారు. అది అసలు ఒత్తిడిని చూస్తుంది. అప్పుడు ఇంకో ప్రమాదం. పల్చని గాలిని అదే ఒత్తిడికి తేవాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. 18 వేల అడుగుల్లో గాలిని రెండింతలు నొక్కితే చాలు. 25 వేలల్లో దాదాపు రెండు ముప్పావు రెట్లు, 33 వేలల్లో నాలుగు రెట్ల దాకా నొక్కాలి. ఒత్తిడి కాపాడబోయి టర్బైన్ తన వేగం హద్దు దాటి ముక్కలైపోవచ్చు. కాబట్టి ఒత్తిడినీ, వేగాన్నీ రెండింటినీ కాయాలి. సొంతంగా విమానం కట్టుకునేవాళ్లలో తెలివైనవాళ్లు నేల మీద ఉన్నంత ఒత్తిడే పైనా ఉంచి, అంతకు మించి ఆశపడరు. 1918లో పైక్స్ పీక్ మీద మాస్ చేసిందీ అదే: 350 ఉన్నచోట 356. అంతకంటే అడగలేదు.

మధ్యలో 20 ఏళ్లు

రికార్డుల తర్వాత ఏమైందని అడిగితే చాలా వ్యాసాలు నేరుగా యుద్ధంలోకి గెంతుతాయి. మధ్యలో ఉన్న ఇరవై ఏళ్లు ఎవరికీ పట్టవు. నాకు మాత్రం మాస్ జీవితంలో విలువైన భాగం అదేననిపిస్తుంది. డబ్బు కొద్దికొద్దిగా వచ్చేది, ఆర్డర్లు అరకొరగా ఉండేవి. ఇంజన్ ఇరుసుకే గేర్లతో తగిలించే సూపర్‌చార్జర్ సులువుగా ఉందని ఎక్కువమంది అటు వెళ్లారు. టర్బోకు గొట్టాలు ఎక్కువ, వేడి ఎక్కువ, రెక్కలు విరిగేవి. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ కావాలి, దానికి చోటు కావాలి. ప్రతి ఏడాదీ మెరుగైన లోహం కోసం వెతుకులాట. చివరికి దొరికిన వాటిలో ఒకటి ఎక్కడిదో తెలుసా? పళ్ల డాక్టర్లు వాడే వైటాలియం అనే కోబాల్ట్ మిశ్రమం. కట్టుడు పళ్ల అచ్చులు పోసే పద్ధతిలోనే టర్బైన్ రెక్కలు పోశారు. మెటలర్జీ చదివేవాళ్లు తమ బ్రాంచిని తక్కువ చేసి మాట్లాడుకోవడం మానాలంటే ఈ ఒక్క సంగతి చాలు.

1938లో 65 ఏళ్లకు మాస్ రిటైర్ అయ్యాడు. సరిగ్గా అప్పుడే బీ-17 బాంబర్‌కు టర్బో బిగించి చూస్తున్నారు. ఫలితం ఎంత బాగా వచ్చిందంటే ఇంట్లో కూర్చున్న పెద్దాయన్ని కంపెనీ మళ్లీ పిలిపించుకుంది. ఆయనా వచ్చేశాడు. 1940 సంవత్సరానికి అమెరికాలో వైమానిక రంగానికి ఇచ్చే కోలియర్ ట్రోఫీని మాస్‌కూ, ఆర్మీ ఎయిర్ కోర్‌కూ కలిపి ఇచ్చారు. పైక్స్ పీక్ తర్వాత 22 ఏళ్లకు! ఆ తర్వాతి యుద్ధంలో బీ-17, బీ-24, బీ-29 బాంబర్లు, పీ-38, పీ-47 ఫైటర్లు అన్నీ ఈ టర్బోలతోనే ఎగిరాయి. ఆ విమానాలు ఊళ్ల మీద వేసిన బాంబుల సంగతి కూడా ఇదే ఖాతాలోకి వస్తుంది. ఇంజనీరు చేసిన పనిని మెచ్చుకునేటప్పుడు దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు.

ఇంకో ముక్క మిగిలుంది. 1941లో బ్రిటన్ నుంచి ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజన్ డ్రాయింగులు అమెరికాకు వచ్చాయి. దాన్ని ఎవరు కట్టగలరు? పెద్ద పెద్ద విమాన ఇంజన్ కంపెనీలను పక్కనపెట్టి, ఆ పని లిన్ ఫ్యాక్టరీకి ఇచ్చారు. వేడి వాయువులో వేల చుట్లు తిరిగే చక్రం, దాని వెనక సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్, వాటికి తగిన లోహం, అవి పగలకుండా కాపాడే అనుభవం అన్నీ అక్కడే ఉన్నాయి. 1942 అక్టోబర్‌లో అమెరికా మొదటి జెట్ విమానం ఎక్స్‌పీ-59ఏ ఆ ఇంజన్లతో కాలిఫోర్నియా ఎడారి మీద ఎగిరింది. జెట్ ఇంజన్ అంటే గ్యాస్ టర్బైనే. కార్నెల్‌లో 30 ఏళ్ల కుర్రాడు తిప్పి చూసి, అంకెలు వేసి, లాభం లేదని తేల్చినదే. అప్పటికి ఆయన వయసు 70. ఇంకో నాలుగేళ్లు బతికాడు.